సామాజిక మాధ్యమమనగా నేమి?

(వార్షిక మహాసభ మొదటిదినమున చేసిన యుపన్యాసము)



సామాజిక మాధ్యమములను గుఱించి నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నలువదియేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. నా చేతికి స్మార్ట్‌ఫోను వచ్చి పదియేండ్లయినను కాలేదు. ఈ విద్యలో మన హాస్టలు పిల్లలు నాకు గురువులు. కావున మొదట నేనొప్పుకొనలేదు. కాని వారు నన్నే యేల కోరిరో నేనెఱుగుదును. మీలో కొందఱును ఎఱుగుదురు. ఈ విషయమున మన సంఘములో తప్పు చేసినవారియందు నేను మొదటివాడను. ఆ తప్పును ముందు విన్నవించి పిమ్మట విషయమునకు వచ్చెదను.

నిరుడు మాఘమాసమున మా తమ్ముని కుమార్తెకు సంబంధములు చూచుచుంటిమి. అమ్మాయి బ్యాంకులో నుద్యోగము చేయుచున్నది. ఆమె ఛాయాచిత్రమును, పుట్టినతేదిని, నక్షత్రమును, జీతమును, పనిచేయు శాఖ పేరును, ఫోను నంబరును ఒక కాగితముపై వ్రాయించి, ఆ కాగితమును మన సంఘము వాట్సాప్ గ్రూపునందు నేనే పెట్టితిని. మనవారే గదా యనుకొంటిని. రెండుదినములు గడచెను. మూడవనాటినుండి ఆ పిల్లకు ఎఱుగనివారి ఫోనులు మొదలయ్యెను. ఒకడు తిన్నగా బ్యాంకునకే వచ్చి కౌంటరు ఎదుట నిలిచెను. మఱికొన్నాళ్లకు ఆమె బొమ్మ వేఱొక పేరుతో, మన కులము కాని కులము పేరుతో, ఎవరో పెండ్లిండ్ల దళారి ప్రకటనలో కనబడెను. సంబంధము కావలసినవారు ముందుగా రుసుము పంపవలెనని దానిక్రింద వ్రాసియుండెను.

ఆ యాదివారము అమ్మాయి మా యింటికి వచ్చినది. కోపపడలేదు. కోపపడినను నాకు కొంత తేలికగా నుండెడిది. "పెదనాన్నా! నన్నడుగకుండ నా సంగతులన్నీ సోషల్ మీడియాలో ఎందుకు పెట్టినారు?" అని అడిగినది. "నేనెక్కడ పెట్టినానమ్మా? నాకు ఫేస్‌బుక్కే లేదు. మన సంఘము గ్రూపులో పెట్టినాను, అంతే" అంటిని. "అది సోషల్ మీడియా కాదని మీకెవరు చెప్పినారు?" అన్నది.

నలువదియేండ్లు ప్రశ్నలు వేసినవాడనే గాని, ఆ ప్రశ్నకు నాకు ప్రత్యుత్తరము దొరకలేదు. నాటినుండి దొరకినదెల్ల చదివితిని, తెలిసినవారినడిగితిని. నేడు మీయెదుట చెప్పబోవునది ఆ పిల్లకు నేనియ్యవలసిన ప్రత్యుత్తరమే.

మొదట మాటను విచారింతము. నన్ను మోసపుచ్చినది యంత్రము కాదు, మాటయే. "సోషల్" అను పదమును మన పూర్వులు "సాంఘిక"మనిరి. సాంఘిక నాటకము, సాంఘిక చిత్రము, బడిలో సాంఘికశాస్త్రము, ఇవన్నియు ఆ వాడుకయే. నేడు పత్రికలవారు "సామాజిక మాధ్యమ"మనుచున్నారు. అయితే మన భాషలో సంఘమను మాట రెండర్థములలో నడచుచున్నది. లోకమంతయు సంఘమే, చందా కట్టి రసీదు పుచ్చుకొన్న మన యీ సభయు సంఘమే. ఒకటి గోడలేని మైదానము, రెండవది తలుపున్న యిల్లు. నేనింటిలో పెట్టితిననుకొన్నది మైదానమున పడినది.

ఇక మాధ్యమమనగా మధ్యవర్తియై మాటను మోయునది. పత్రిక యొకటి; దానియందు ఒకరు చెప్పుదురు, వేలమంది విందురు. టెలిఫోను మఱియొకటి, ఒకరు చెప్పిన నొకరు విందురు. ఈ క్రొత్త సాధనము రెంటికిని చెందదు. ఇందు వినువాడే మఱుక్షణమున చెప్పువాడగును, అచ్చువేయువాడగును, పంచిపెట్టువాడును అగును.

దీని చరిత్రము పెద్దది కాదు. 1997లో న్యూయార్కునగరమున సిక్స్‌డిగ్రీస్ అనునది మొదలై కొలదికాలములోనే మూతపడెను. 2004 జనవరిలో ఆర్కుట్ వచ్చెను. మన పట్టణముల యువకులు మొదట ముచ్చటపడినది దీనినే. 2014 సెప్టెంబరు 30న అదియు అస్తమించెను. ఫేస్‌బుక్ 2004లోను, యూట్యూబు 2005లోను, ట్విట్టరు 2006లోను పుట్టినవి. ట్విట్టరు 2023లో ఎక్స్ అని పేరు మార్చుకొనెను. 2009లో పుట్టిన వాట్సాపును 2014లో ఫేస్‌బుక్ వారు కొనిరి. ఇది మొదట ఫోనుపుస్తకములోని మిత్రులకు "పనిలోనున్నాను, తీరికగానున్నాను" అని తెలుపుకొనుటకు కల్పింపబడిన చిన్న సాధనము. పిమ్మట ఎస్సెమ్మెస్సునకు బదులుగా వచ్చినది. అందుచేతనే మావంటి పెద్దలు దానిని టెలిఫోను జాతిలో చేర్చుచున్నారు. ఒక గ్రూపులో 2016 నాటికి 256 మందికి తావుండెను. 2022లో ఆ సంఖ్య 1024 అయ్యెను. వేయిమంది కూడినచోటును టెలిఫోననుట, జాతరను పేరంటమనుట వంటిది.

పండితులు చెప్పిన లక్షణములను చూతము. 2007లో డానా బాయిడ్, నికోల్ ఎల్లిసన్ అను నిద్దఱు అమెరికా విదుషీమణులు సోషల్ నెట్‌వర్కునకు మూడు గుర్తులు చెప్పిరి. మనిషి తన్నుగూర్చి పదుగురెదుట పెట్టుకొను పుట యుండవలెను. తనవారి జాబితా యుండవలెను. ఆ జాబితా పట్టుకొని యొకరినుండి యొకరికి నడచిపోవు వీలుండవలెను. ఈ కొలతకు ఫేస్‌బుక్ సరిపోవును గాని వాట్సాపు చక్కగా నిముడదు. 2010లో కాప్లాన్, హేన్‌లైన్ అనువారు వేఱొక కొలత తెచ్చిరి. వాడుకరులు తామే వ్రాసి, చిత్రించి, ఇచ్చిపుచ్చుకొనుటకు వీలిచ్చు అంతర్జాల సాధనములన్నియు సామాజిక మాధ్యమములే యని వారి మతము. ఆ లెక్కన 2003 నుండి తెలుగులో నడచుచున్న వికీపీడియాయు ఇందే చేరును! అందు వ్రాయువారు ఈ మాట వినిన నవ్వుదురో, నొచ్చుకొందురో. ఒక కొలత ఇఱుకు, ఒక కొలత వదులు. నాకు రెండును ఒంటికి పట్టలేదు.

శాస్త్రము తెమల్చనిదానిని చట్టము తెమల్చక తప్పదు. మన కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన నిబంధనలలో "సామాజిక మాధ్యమ మధ్యవర్తి" యెవరో నిర్వచించిరి. ఇద్దఱు గాని అంతకుమించి గాని వాడుకరులు అంతర్జాలముమీద ఒండొరులతో వ్యవహరించుటయే ముఖ్యప్రయోజనముగా కలిగి, వారు సమాచారమును సృష్టించి, పంచి, వ్యాపింపజేయుటకు వీలిచ్చు సంస్థ యని దాని సారము. "ఇద్దఱు గాని" అను మాటను గమనింపుడు. దేశమున 50 లక్షలకు మించి నమోదైన వాడుకరులు గల సంస్థకు అధికబాధ్యతలు విధించిరి. ఈ నిర్వచనమున వాట్సాపు నిస్సంశయముగా చేరినది. మొదట సందేశము పంపినవానిని చూపవలెనను నిబంధనపై ఆ సంస్థవారు అదే యేడు ఢిల్లీ హైకోర్టునకు పోయిరి కూడ.

ఆస్ట్రేలియావారు మఱియొక దారి పట్టిరి. పదునాఱేండ్లు నిండని పిల్లలకు సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదని 2024 నవంబరులో చట్టము చేసి 2025 డిసెంబరు 10 నుండి అమలుపఱచిరి. పిల్లలను తప్పింపవలెనన్న, ఏది సామాజిక మాధ్యమమో ముందు తేల్చవలెను గదా! అక్కడ వచ్చెను చిక్కు. యూట్యూబును మొదట విద్యాసాధనమని విడిచిపెట్టిరి. 2025 జూలైలో ఆ మినహాయింపును తీసివేసిరి. వాట్సాపును మాత్రము సందేశసాధనముగా నెంచి ఆ కట్టుబాటునకు వెలుపల నుంచిరి. ఒకే వస్తువు ఒక దేశమున సామాజిక మాధ్యమము, ఒక దేశమున కాదు. మా అమ్మాయి మాటయు నిజమే, నా మాటయు నిజమే యని దీనితో నేను సమాధానపడవచ్చును. కాని బ్యాంకు కౌంటరు ఎదుట నిలిచినవానికి ఏ దేశపు నిర్వచనముతోను పనిలేకపోయెను.

కావున పండితుల కొలతలను, ప్రభుత్వముల కొలతలను ప్రక్కనుంచి, మనకు తెలిసిన వస్తువులతో దీనిని పోల్చి చూతము. ఇట్టి సభలలో వక్తలు తఱచుగా దీనిని రచ్చబండతో పోల్చుట విన్నాను. అది సగము నిజము. రచ్చబండయొద్ద ఎవడైనను మాటలాడవచ్చును, ఎవడైనను ఎదురాడవచ్చును, ఇదియు నట్లే. అయితే రచ్చబండయొద్ద మాటలాడువాని మొగము కనబడును. పొరుగూరివాడు వచ్చి నిలిచినచో పదిమంది తలలు త్రిప్పి చూతురు. మాట మీఱినచో నొక పెద్దమనిషి "చాలురా" యనును. అన్నింటికంటె మేలేమనగా, అక్కడ ఆడినమాట గాలిలో కలిసిపోవును.

దండోరాతో పోల్చుదమా? దండోరా వేయువాడు ఒకరి యుత్తరువుచేత వేయును. ఆ యుత్తరువు ఎవరిదో ఊరికి తెలియును. అచ్చుపత్రికతో పోల్చుదమా? 1867 నాటి ముద్రణచట్టము ప్రతి గ్రంథముమీదను, ప్రతి పత్రికమీదను ముద్రించినవాని పేరు, ముద్రించిన స్థలము ఉండితీరవలెనని శాసించెను. పత్రికలకు 2023లో వేఱొక చట్టము వచ్చినదిగాని అచ్చుమాటకు బాధ్యుడొకడుండవలెనను న్యాయము పోలేదు. ఈ సంచికలో మీరు చదువుచున్న ప్రతిమాటకును కట్టుబడినవాడొకడున్నాడు. గ్రూపునుండి గ్రూపునకు పోవు సందేశమునకు ముద్రాపకుని పేరెక్కడ? "వచ్చినది, పంపితిని" అను రెండుమాటలే దానికి చిరునామా.

మూసిన కవరుతో పోల్చువారును కలరు. అందును సత్యమున్నది. 2016 ఏప్రిల్ నుండి వాట్సాపు సందేశములన్నియు దారిలో ఎవరును చదువలేనట్లు గూఢలిపిలో పోవుచున్నవి. మోయు సంస్థయు చదువజాలదు. ఆ మాట వినియే నేను ధైర్యపడితిని. కాని ముద్ర కవరును దారిలో కాపాడునే గాని, అందుకొన్నవాని యింటిలో కాపాడదు. నేను పంపిన కాగితమును తీసికొన్నవారు వేయిమంది. ఆ వేయిమందిలో నొక్కడు, చెడ్డవాడు కూడ కానక్కఱలేదు, తన బావమఱదికి పనికివచ్చునని మఱియొక గ్రూపునకు పంపియుండును. అంతే, ఇంటితలుపు తెఱచుకొనెను.

ఇట్లు చూడగా నాకు తోచినదేమనగా, ఈ మాధ్యమము రచ్చబండనుండి స్వేచ్ఛను, దండోరానుండి వ్యాప్తిని, అచ్చునుండి నిలుకడను, కవరునుండి చనువును తీసికొన్నది. వానికున్న కట్టుబాటులను మాత్రము తీసికొనలేదు. వినువాడు తలచినంతనే చెప్పువాడు కాగలిగి, చెప్పినమాట మనమెఱిగిన మొగములను దాటి మనమెఱుగని మొగములను చేరగల సాధనమేదో అది సామాజిక మాధ్యమము. యంత్రము పేరేదైనను సరే. మా తమ్మునితో నేను వాట్సాపులో మాటలాడినప్పుడు అది టెలిఫోనే. అదే ఫోనులో, అదే వ్రేలితో, వేయిమందికి పంపినప్పుడు అది సామాజిక మాధ్యమము. మా అమ్మాయికి నా ప్రత్యుత్తరమిది.

ఫేస్‌బుక్, యూట్యూబు మొదలగువానిలో ఇంకొక విశేషము కలదు. దానిని క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. అక్కడ మనకు కనబడునది మనవారు పంపినదే కాదు. మనలను ఎక్కువసేపు కూర్చుండబెట్టునది యేదో యంత్రము లెక్కవేసి దానినే ముందు వడ్డించును. మనము కూర్చున్నంతసేపు ప్రకటనలు నడచును, ఆ ప్రకటనల సొమ్మే వారి జీవనము. కోపము తెప్పించునది కడుపునిండ వడ్డింపబడుటకు ఈ లెక్కయు నొక కారణము.

ఇక మాట దాటిపోయినచో నేమగునో చెప్పవలసియున్నది. నా తప్పు ఒక యింటి దుఃఖముతో ఆగినది. 2018లో అట్లు ఆగలేదు. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని ఆ యేడు దేశమందంతట వాట్సాపులో సందేశములు పాఱెను. వానితోపాటు ఒక చలనచిత్రమును తిరిగెను. మోటారుసైకిలుమీద నిద్దఱు వచ్చి వీధిలో నాడుకొనుచున్న బాలునెత్తుకొని పోవుదురు. ఆ చిత్రము పాకిస్తానులోని కరాచీనగరమున పిల్లల భద్రతకై యొక సంస్థ చేయించిన ప్రకటన! బాలుని తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్త చెప్పు ఫలకము చూపు చివరిభాగమును ఎవరో కత్తిరించివేసిరి. ఆ జూలై 1న మహారాష్ట్రమున ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామములో, బిచ్చమెత్తుకొని జీవించు సంచారజాతివారైన అయిదుగురిని పిల్లలదొంగలని జనులు కొట్టిచంపిరి. చచ్చినవారు గోసావులు. మన యూళ్లలోను సంక్రాంతికి వచ్చు బిచ్చగాండ్రు, గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు ఉన్నారు. ఏ కులసభయైనను ఈ వార్తను తన వార్తగా చదువుకొనవలసినదే.

అదే యేడు మన తెలంగాణములో జోగులాంబ గద్వాల జిల్లాకును ఆ సందేశములు వచ్చెను. అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, ఇంటింటికి చెప్పించి, జానపదగాయకులచేత పాటలు కట్టించి, డప్పుతో ఊరూర వినిపించిరి. ఫోనులో వచ్చినదానిని డప్పుతో ఎదుర్కొనుట నాకు మిక్కిలి నచ్చినది. పాడువాని మొగము ఊరివారికి కనబడినది గదా!

వాట్సాపువారును ఆ జూలైలో మనదేశమున ఒక సందేశమును ఒక్కమాటున అయిదుచోట్లకు మించి పంపరాదని కట్టడిచేసిరి. పలుమార్లు చేతులుమాఱి వచ్చిన సందేశమునకు రెండు బాణపుగుర్తులు పెట్టి, 2020 ఏప్రిల్ నుండి దానిని ఒక్కమాటున ఒకచోటికే పంపనిచ్చుచున్నారు. ఆ జంటబాణములు కనబడినచో, వ్రాసినది మీకు పంపినవాడు కాడని తెలిసికొనుడు. ఈ చిన్నగుర్తును మన పెద్దవారిలో నూటికి పదిమందియైనను గమనింపరని నా యనుభవము, నేనును గమనింపనైతిని.

ఇంత చెప్పి గ్రూపును మూసివేయుడని నేననను. 2021 వేసవిలో కోవిడు రెండవమాఱు విజృంభించినప్పుడు, మన సభ్యునికొకరికి ఆక్సిజన్ సిలిండరు దొరకక రాత్రి పదిగంటలకు ఈ గ్రూపులోనే నాలుగుమాటలు వ్రాసినారు. పన్నెండు కొట్టకమునుపే సిలిండరు ఇంటికి చేరినది. ఆ సభ్యుడు నేడు మూడవవరుసలో కూర్చుండియున్నారు. మన హాస్టలు పిల్లల ఫీజులకు చందాలు పోగైనదియు నిందులోనే.

కాని మన గ్రూపులో ఇంకొకటియు నడచుచున్నది. దానిని దాచిన నా యుపన్యాసము అబద్ధమగును. ఎన్నికలదినములలో ఇతర కులములవారిని హేళనచేయు బొమ్మలు, మాటలు మన గ్రూపునకు వచ్చినవి. వానిక్రింద చేతులు జోడించిన గుర్తులు, నవ్వుమొగములు పెట్టినవారు ఇక్కడనున్నారు. కులముల నడుమ వైరము పెంచుట వెనుకటి శిక్షాస్మృతిలో 153-ఎ క్రింద నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 196వ సెక్షను క్రింద నేరము. మూడేండ్లవరకు కారాగృహము. "నేను వ్రాయలేదు, పంపితిని" అనుట దానికి రక్షణ కాదు. సభ్యుడు పెట్టినదానికి కేవలము అడ్మిన్ అయినంతమాత్రమున అడ్మిన్ శిక్షార్హుడు కాడని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు తీర్పుచెప్పినమాట నిజమే. మన అడ్మినులైన ముగ్గురు యువకులు ఆ తీర్పును నాకు సంతోషముతో చూపిరి. నాయనలారా! జైలు తప్పుటయే మీ పదవికి పరమార్థమా? ఎవరి సందేశమునైనను అందఱికిని తొలగించు అధికారము 2022 నుండి మీ వ్రేలికొననున్నది. ఆ వ్రేలిని వాడుడు.

మధ్యాహ్నము సభ ముందునకు వచ్చు మూడవ తీర్మానము ఈ విషయముననే. సంఘము మాసపత్రికను నిలిపివేసి, వధూవరుల వివరములతోసహా సమస్తము గ్రూపులోనే జరుపుదమని మొదటి చిత్తులో నుండెను. అచ్చుకూలి మిగులుట నిజమే. కోశాధికారిగారి కష్టము నేనెఱుగనిది కాదు. నా సవరణ నిట్లు వ్రాసియిచ్చితిని: సమావేశముల ప్రకటనలు, చావుబ్రతుకుల కబుర్లు, చందాలెక్కలు గ్రూపులో నడచును. వధూవరుల వివరములు మాత్రము సంఘకార్యాలయమున కాగితపు రిజిస్టరులోనే యుండును. వచ్చినవారు సంతకముచేసి చూచుకొని పోవలెను. ఆ రిజిస్టరులో నెక్కవలెనన్నచో తండ్రి సంతకము చాలదు, పెదతండ్రి సంతకము అసలే చాలదు. పెండ్లాడవలసిన పిల్లయో పిల్లవాడో స్వయముగా సంతకము చేయవలెను. రిజిస్టరును స్త్రీల విభాగమువారు కాపాడుదురు.

ఈ సవరణను బలపఱచుటకు మా అమ్మాయి బ్యాంకునకు సెలవు పెట్టి వచ్చినది. తానే మాటలాడెదనన్నది. ఆమె చెప్పునది నాకంటె పదునుగా నుండును. దయచేసి భోజనములైనంతనే ఎవరును బస్సులకు లేచిపోవలదు. సరిగా మూడుగంటలకు సభ తిరిగి ప్రారంభమగును.